తూటాల కంటే ముందు స్క్రూలు చూడాల్సింది: వేట రైఫిల్‌కి గురి కుదరడానికి పట్టిన 11 నెలలు

గత నవంబరు 14 సాయంత్రం ఒక అడవిపందిని గాయపరిచాను. 170 మీటర్ల దూరం, గాలి లేదు, వీపు సంచి మీద రైఫిల్ ఆనించి తీరిగ్గా కొట్టాను. గురి ముందుకాలి వెనక, గుండె ఉండే చోట పెట్టాను. తూటా ఒక జానెడు వెనక్కి పోయి పొట్టలో దిగింది. నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ, టార్చి వెలుతురులో దాన్ని చేరుకునేసరికి ఐదు గంటలు పట్టింది. అది ఇంకా బతికే ఉంది. ఆ ఐదు గంటలు అది ఎలా గడిపిందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

ఆ రాత్రి నేను చేసిన మొదటి పని తూటాల మీద నెపం వేయడం. కంపెనీ తూటాలు ఒక్కోసారి ఒక్కోలా పోతాయని, నా రైఫిల్‌కి సరిపడే తూటా నేనే తయారు చేసుకుంటే సమస్య తీరిపోతుందని అనుకున్నాను. చివరికి తూటాలు నేనే చేసుకుంటున్నాను, నిజమే. కానీ తప్పంతా తూటాదే అనుకోవడం వల్ల కొన్ని నెలలు, చాలా డబ్బు పోయాయి. ఈ దారిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది 308 విన్‌చెస్టర్ క్యాలిబర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ వెనక్కి లాగి తోయాలి. చెక్క స్టాక్ (బారెల్‌ని మోసే, భుజానికి ఆనించే భాగం), సన్నటి వేట బారెల్. కొని ఆరేళ్లయింది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా వరసగా పది తూటాలు కాగితం మీద కొట్టి చూడలేదు. సీజన్ ముందు మూడు కొట్టడం, అవి మధ్యకి దగ్గరగా ఉంటే సరేలే అనుకోవడం. అంతే.

డిసెంబరు 5న రేంజికి వెళ్లి మూడు రకాల కంపెనీ తూటాలు, ఒక్కో రకానికి ఐదేసి తూటాల గ్రూపులు రెండు చొప్పున, 100 మీటర్లలో కొట్టాను. గ్రూప్ అంటే కాగితం మీద అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య దూరం. మంచిది 6.2 సెంటీమీటర్లు, చెడ్డది 9.1. సగటు ఏడున్నర. దూరం రెట్టింపైతే చెదురూ రెట్టింపు అవుతుంది కాబట్టి 170 మీటర్లలో ఇది 13 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. దానికి నా చెయ్యి వణుకు కలిపితే ఆ జానెడు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది. ఇంకో విషయం కూడా ఆ రోజే కనబడింది. చల్లటి బారెల్‌తో కొట్టిన మొదటి తూటా ప్రతి గ్రూపులోనూ మిగతావాటికి దూరంగా, కుడి పక్కకి పడింది. వేటలో పనికొచ్చేది ఆ మొదటి తూటా ఒక్కటే కదా. అది చూశాక చాలా బెంగ పట్టుకుంది.

నేను ఉండే చోట తుపాకి మందు, దాన్ని అంటించే ప్రైమర్లు ఇంట్లో ఉంచుకోవడానికి, తూటాలు నింపుకోవడానికి విడిగా అనుమతి కావాలి. ఈ నిబంధనలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, ముందు మీ చోట ఏముందో కనుక్కోండి. డిసెంబరు 11న దరఖాస్తు పెడితే జనవరి 30న చేతికి వచ్చింది. 50 రోజులు. అది వచ్చాక మందు ఆర్డర్ చేస్తే, నాకు కావలసిన రకం సరుకు లేదని ఇంకో ఐదు వారాలు ఆపారు. తూటాలు నింపే ప్రెస్, డైలు (అచ్చులు), త్రాసు మాత్రం డిసెంబరులోనే వచ్చేసి బల్ల మీద కూర్చున్నాయి. రోజూ వాటిని తుడిచి పెట్టడం తప్ప చేసేదేమీ లేదు.

నాకు మేలు చేసింది ఆ ఎదురుచూపే. రేంజిలో ఒక పెద్దాయన ఉంటారు, ముప్పై ఏళ్లుగా తూటాలు నింపుకుంటున్నారు. నా కాగితాలు చూసి ఆయన తూటాల ఊసే ఎత్తలేదు. "స్కోప్ తీసి బేస్ స్క్రూలు ఎప్పుడైనా చూశావా బాబూ?" అని అడిగారు. లేదన్నాను. "బారెల్ కింద కాగితం దూర్చి చూశావా?" అదీ లేదు. "మరి మందు కొనడానికి తొందరేముంది?" అన్నారు.

ఇంటికొచ్చి స్కోప్ విప్పాను. స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే బేస్‌లలో ముందుదానికి ఉన్న రెండు స్క్రూలలో ఒకటి వేళ్లతో తిరిగింది. అర చుట్టు వదులు. ఆరేళ్లుగా అలాగే ఉందో, ఎప్పుడు వదులైందో తెలియదు. ఆ స్క్రూ నా వేళ్ల మధ్య తిరిగినప్పుడు మొదట కోపం వచ్చింది, ఆ వెంటనే ఆ పంది గుర్తొచ్చి చాలా సేపు పని ముందుకు సాగలేదు. తర్వాత స్పిరిట్‌తో స్క్రూ మరలకి ఉన్న నూనె తుడిచి, వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు ఒక చుక్క వేసి, టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పినంతే బిగించాను. ఈ రెంచ్ నేను కొన్నవాటిలో అన్నిటికంటే చవకైన వాటిలో ఒకటి. అన్నిటికంటే ఎక్కువ పని చేసిందీ అదే.

తర్వాత కాగితం పరీక్ష. బారెల్‌కీ స్టాక్ ముందు భాగానికీ మధ్య ఒక కాగితపు పట్టీ దూర్చి చాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) దాకా లాగాలి. అడ్డు లేకుండా జారాలి. నాది సగం దూరంలో ఎడమ పక్కన ఆగిపోయింది. చెక్క తేమ పీల్చి వంగి బారెల్‌ని ఒక పక్కకి నొక్కుతోంది. బారెల్ వేడెక్కే కొద్దీ ఆ ఒత్తిడి మారుతుంది, తూటా పడే చోటూ మారుతుంది. గుండ్రటి కర్రకి గరుకు కాగితం చుట్టి రెండు సాయంత్రాలు అరగదీశాను. రెండు కాగితాల మందం సందు వచ్చాక, తేమ మళ్లీ ఎక్కకుండా లోపలి చెక్కకి వార్నిష్ మూడు పూతలు వేశాను. ఒక్కో పూత ఆరడానికి ఒక రోజు. లోపలి చెక్కకి కంపెనీవాళ్లు పూత వేయకుండా వదిలేశారని అప్పుడే చూశాను.

జనవరి 10న మళ్లీ రేంజికి. అవే కంపెనీ తూటాలు, అదే బల్ల. ఐదు తూటాల గ్రూప్ 4.6 సెంటీమీటర్లు. ఇంకోటి 4.9. నేను ఒక్క తూటా కూడా తయారు చేయకుండానే చెదురు మూడో వంతుకి పైగా తగ్గిపోయింది! సంతోషం కంటే సిగ్గు ఎక్కువ అనిపించింది.

ఆ ఊపులో బెడ్డింగ్ కూడా చేశాను. యాక్షన్ (బోల్ట్, ట్రిగ్గర్ ఉండే ఇనుప భాగం) కింద రికాయిల్ లగ్ అని ఒక ఇనుప పలక ఉంటుంది. తూటా పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బని అదే స్టాక్‌కి అందిస్తుంది. అది చెక్కలో గట్టిగా, ప్రతిసారీ ఒకే చోట కూర్చోవాలి. చెక్కలో కొంచెం తొలిచి, అక్కడ ఎపాక్సీ పోసి, యాక్షన్‌ని అందులో కూర్చోబెట్టి గట్టిపడనివ్వడమే బెడ్డింగ్. వినడానికి తేలికే. కానీ ఎపాక్సీ ఇనుముకి అంటుకుంటే రైఫిల్ స్టాక్‌లో శాశ్వతంగా ఇరుక్కుపోతుంది. అంటుకోకుండా ఇనుము మీద బూట్ పాలిష్ రెండు పూతలు రుద్దాను. స్క్రూ రంధ్రాల్లోకీ ట్రిగ్గర్ గూటిలోకీ ఎపాక్సీ కారకుండా పిల్లలు ఆడుకునే మట్టి కూరాను. 24 గంటలు ఆగాలి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎక్కడో ఒక మూల పాలిష్ రుద్దడం మర్చిపోయానేమో అని ఒకటే టెన్షన్. మర్నాడు రబ్బరు సుత్తితో బారెల్ మీద మెల్లగా తడితే మొదటి మూడు దెబ్బలకి కదల్లేదు. నాలుగో దెబ్బకి టక్కున ఊడి వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాను. గ్రూపులు 3.8కి వచ్చాయి. చల్లటి బారెల్ మొదటి తూటా కూడా మిగతావాటితో కలిసింది. నాకు ఆ రెండోదే ముఖ్యం.

బారెల్ శుభ్రం చేయడం గురించి ఎక్కువ చెప్పను. రాగి మరకలు పోగొట్టే ద్రావణంతో మూడు సాయంత్రాలు తుడిస్తే గుడ్డ ముక్కలు నీలంగా, ఆకుపచ్చగా వస్తూనే ఉన్నాయి. ఆరేళ్ల మురికి. పూర్తిగా తుడిచిన బారెల్‌తో మొదటి ఐదారు తూటాలు ఎటో పోయి, తర్వాత స్థిరపడ్డాయి. అందుకే ఇప్పుడు సీజన్ మధ్యలో లోతుగా శుభ్రం చేయను.

మార్చి 8న మందు వచ్చింది. ఇక్కడి నుంచే నేను మొదట కలగన్న పని మొదలు.

మొదటి రోజే దెబ్బ తిన్నాను. పేలిన కేస్‌ని, అంటే తూటా ఇత్తడి గొట్టాన్ని, మళ్లీ కొలతకి తేవడానికి డైలోకి నొక్కాలి, దానికి ముందు కేస్‌కి నూనె రాయాలి. ఎక్కువ రాస్తే కేస్ మెడ కింది భుజం దగ్గర సొట్ట పడుతుందని చదివి భయపడి మరీ తక్కువ రాశాను. నాలుగో కేస్ డైలో ఇరుక్కుపోయింది. పైకీ రాదు, కిందికీ పోదు. గట్టిగా లాగితే కేస్ అంచు చిరిగి చేతికొచ్చింది. దాన్ని బయటికి తీసే పనిముట్టు విడిగా అమ్ముతారు, కేస్ అడుగున రంధ్రం చేసి మర వేసి లాగాలి. అది తెప్పించుకోవడానికి నాలుగు రోజులు. డైతో పాటే అది కూడా కొనుక్కుని పెట్టుకోండి. నాకు తెలిసిన ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు కేస్ ఇరుక్కుంది.

తర్వాత పని నెమ్మదిగా అలవాటైంది. కేస్‌ల పొడవు కొలవడం, 2.015 అంగుళాలు దాటినవాటిని 2.005కి కోయడం, నోటి అంచు గీకడం, ప్రైమర్ నొక్కడం. ప్రైమర్ అడుగుకి ఆనినప్పుడు వేళ్లకి తెలుస్తుంది, ఆ స్పర్శ పట్టుబడడానికి వంద కేస్‌లు పట్టాయి. నా మందు పొట్టి పుల్లల్లాంటి రేణువులతో ఉంటుంది. కొలిచే యంత్రం పిడి తిప్పితే ఒక్కోసారి మధ్యలో రేణువు అడ్డుపడి కరక్కున తెగుతుంది, ఆ సారి కొలత తప్పుతుంది. అందుకని కొంచెం తక్కువ పోసి, మిగతాది త్రాసు మీద చిటికె చిటికెగా వేసి సరిచేస్తాను. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. మేం పట్టించుకునేది అందులో పదో వంతు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే నా ఎలక్ట్రానిక్ త్రాసు 0.3 గ్రెయిన్ అటూ ఇటూ ఊగింది. ఇప్పుడు ఫ్యాన్ ఆపి, త్రాసుని అరగంట ముందే వేసి ఉంచి, ప్రతి పది కేస్‌లకీ ఒకసారి తూకం రాయి పెట్టి చూస్తాను.

ఇంట్లోవాళ్లకి ఈ పని మీద భయం ఉండేది. ఆ భయం న్యాయమైనదే. బల్ల మీద ఒకసారికి ఒకే రకం మందు డబ్బా ఉండాలి. ఫోన్ పక్క గదిలో ఉండాలి. మందు పోసిన కేస్‌లన్నీ చిల్లుల చెక్కలో వరసగా నిలబెట్టి, బుల్లెట్ (తూటా కొసన ఉండి, పేలాక ఎగిరిపోయే ముక్క) పెట్టేముందు టార్చి వేసి ప్రతి కేస్‌లో మందు ఒకే ఎత్తులో ఉందో లేదో చూడాలి. ఏప్రిల్‌లో ఒక రాత్రి నాకు ఒక కేస్‌లో మందు మరీ లోతుగా కనబడింది. సగమే పడింది. అలసటతో కూర్చున్నానని అప్పుడు తెలిసి, ఆ రాత్రికి మందంతా డబ్బాలో పోసేసి లేచిపోయాను. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది కాబట్టి కేస్‌లు శుభ్రం చేసే పని ఇంట్లో చేయను, అయ్యాక చేతులు కడగకుండా ఏదీ ముట్టుకోను.

మార్చి 15న నేను తయారు చేసిన మొదటి 18 తూటాలు పేల్చాను. తూటాలు నింపే మాన్యువల్‌లో చెప్పిన ఆరంభ మందు కొలతతో మొదలుపెట్టి, 0.3 గ్రెయిన్ చొప్పున పెంచుతూ ఆరు మెట్లు, మెట్టుకి మూడు తూటాలు. నాలుగో మెట్టు మూడు తూటాలూ దాదాపు ఒకే చిల్లులో పడ్డాయి. 1.2 సెంటీమీటర్లు! ఆ కాగితం ఇంటికి తెచ్చి గోడకి అంటించాను. రైఫిల్‌కి ఏ మందు ఇష్టమో దొరికిపోయిందని నలుగురికీ చెప్పాను. ఆ కొలతతోనే 50 తూటాలు నింపాను.

మార్చి 22న అదే తూటా, అదే రైఫిల్, ఐదు తూటాల గ్రూప్ 4.2. ఇంకో ఐదు కొడితే 3.5. నమ్మలేకపోయాను. గాలి అనుకున్నాను, బల్ల అనుకున్నాను, ఆ రోజు నాకు నిద్ర చాలలేదు అనుకున్నాను. పెద్దాయన కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి, "మూడు తూటాలు అబద్ధం చెప్తాయయ్యా. పది కొట్టు, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. నేను లెక్క చూసుకున్నాను. తూటాలు యాదృచ్ఛికంగా చెదురుతాయి అనుకుంటే, ఏ తేడా లేని అదే రైఫిల్ పది తూటాల గ్రూప్ మూడు తూటాల గ్రూప్ కంటే సగటున ఒకటిన్నర రెట్లకి కొంచెం పైగా ఉంటుంది. పైగా మూడు తూటాల గ్రూపులు ఒకదానికీ ఇంకోదానికీ విపరీతంగా మారతాయి. ఆరు మెట్లలో ఒకటి చిన్నగా రావడం మందు గొప్పతనం కాదు, ఆరు సార్లు పాచికలు వేస్తే ఒకసారి మంచి అంకె పడడం లాంటిది. గోడ మీద కాగితం తీసేశాను. నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది అదే. ఇరుక్కుపోయిన కేస్ కంటే, 50 రోజుల అనుమతి కంటే.

అక్కడి నుంచి పది తూటాల గ్రూపులే కొట్టాను. సన్నటి బారెల్ కాబట్టి తూటాకీ తూటాకీ మధ్య మూడు నాలుగు నిమిషాలు ఆగాలి, ఒక గ్రూప్‌కి 40 నిమిషాలు. ఒక పూటలో మూడు గ్రూపులు దాటవు. ఏప్రిల్ అంతా శనివారాలు అలా గడిచాయి. మూడు మందు కొలతలు పోల్చితే 3.9, 3.6, 4.4 వచ్చాయి. అంటే వాటి మధ్య నిజంగా తేడా ఉందని చెప్పలేను. పోలిక కోసం కంపెనీ తూటా పది కొడితే 4.9. అంత శ్రమకి ఇంత చిన్న తేడానా అని నిరుత్సాహం కలిగింది.

పెద్ద తేడా వచ్చింది బుల్లెట్ మార్చాకే. మొదట తెచ్చిన 165 గ్రెయిన్ వేట బుల్లెట్ నా బారెల్‌కి సరిపడలేదు. అంతే బరువున్న ఇంకో తయారీదారు వేట బుల్లెట్ అదే మందుతో మొదటి పదికే 3.1 ఇచ్చింది, మర్నాడు 2.9. మధ్యలో పోటీల్లో వాడే 168 గ్రెయిన్ లక్ష్య బుల్లెట్ కూడా ప్రయత్నించాను, 2.3 వచ్చింది. దాని మీద మనసు చాలా లాగింది. కానీ అది వేటకి కాదని తయారీదారే పెట్టె మీద రాశాడు. జంతువు ఒంట్లో అది ఎలా విచ్చుకుంటుందన్న భరోసా లేదు. నేను ఈ పని మొదలుపెట్టింది కాగితం కోసం కాదు కాబట్టి ఆ పెట్టె వేరేవాళ్లకి ఇచ్చేశాను.

బుల్లెట్ ఎంత లోతుగా కూర్చోబెట్టాలి అన్నదాని మీద అందరూ చాలా చెప్తారు. 40 తూటాలు ఖర్చు చేసి నాలుగు లోతులు చూశాను, నా రైఫిల్‌లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కానీ ఒక ప్రమాదం కనబడింది. బారెల్ లోపలి మెలిక గాడులకి దగ్గరగా ఉండాలని బుల్లెట్‌ని బాగా బయటికి ఉంచిన తూటా ఒకటి చాంబర్‌లో పెట్టి, పేల్చకుండా బోల్ట్ వెనక్కి లాగాను. కేస్ ఒక్కటే వచ్చింది. బుల్లెట్ గాడుల్లో ఇరుక్కుంది, మందంతా యాక్షన్‌లోనూ ట్రిగ్గర్‌లోనూ ఒలికింది. రేంజిలో కాబట్టి సరిపోయింది. అడవిలో చీకటి పడ్డాక రైఫిల్ ఖాళీ చేసేటప్పుడు ఇలా జరిగితే ఆ రోజు వేట అయిపోయినట్టే. వెంటనే ప్రామాణిక గరిష్ఠ పొడవు 2.800 అంగుళాల లోపలికి వచ్చేశాను. రైఫిల్‌కి తూటాలు అందించే మ్యాగజైన్‌లో కూడా హాయిగా పడుతుంది.

మే 17న ఎండ బాగా ఉంది. తూటాల పెట్టె బల్ల చివర ఎండలో వదిలేసి కాగితం మార్చడానికి వెళ్లొచ్చాను. తిరిగొచ్చి కొట్టిన రెండో తూటాకి బోల్ట్ పిడి పైకి లేవడానికి మొరాయించింది. కేస్ అడుగున మెరిసే గుండ్రటి మచ్చ. ఒత్తిడి ఎక్కువైందనడానికి గుర్తు అది. నా కొలత మాన్యువల్ గరిష్ఠానికి 0.4 గ్రెయిన్ తక్కువే. అయినా మందు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. మార్చి చలిలో నిక్షేపంగా ఉన్న కొలత మే ఎండలో హద్దుకి వచ్చేసింది. నా ముఖం ఆ బోల్ట్‌కి నాలుగు వేళ్ల దూరంలో ఉంటుందన్న సంగతి ఆ క్షణం దాకా నేను నిజంగా ఆలోచించలేదు. ఇంకొకటి కొట్టి చూద్దాం అనుకోలేదు, సర్దుకుని వచ్చేశాను. ఆ వరసలో మిగిలిన 18 తూటాలూ సుత్తిలాంటి పనిముట్టుతో తట్టి విప్పాను. మందు కొలత ఒక గ్రెయిన్ కిందికి దించాను. సగటు వేగం సెకనుకి 810 మీటర్లు వచ్చింది, గ్రూప్ 2.8. గరిష్ఠానికి దగ్గరగా ఉంటేనే గురి బాగుంటుందన్న మాట నా రైఫిల్ విషయంలో నిజం కాదు.

వేగం కొలిచే యంత్రం కొనాలా అని చాలామంది అడిగారు. ఒత్తిడి మీద ఒక కన్నుంచడానికి, దూరానికి తూటా ఎంత కిందికి పడుతుందో లెక్కించడానికి కావాలి. కానీ తూటాకీ తూటాకీ సెకనుకి 15 మీటర్ల తేడా వచ్చిందని నిద్ర పాడు చేసుకోకండి. 200 మీటర్లలో అది ఒకటింపావు సెంటీమీటరు తేడా, అంతే.

జూన్‌కి రైఫిల్, తూటా రెండూ కుదిరాయి. అప్పుడు బల్ల వదిలి, అడవిలో కొట్టినట్టు కొట్టి చూశాను. నేల మీద కూర్చుని, రెండు కర్రల ఊతం మీద రైఫిల్ పెట్టి, 100 మీటర్లలో పది తూటాలు. 14 సెంటీమీటర్లు. బల్ల మీద 2.8 కొట్టే రైఫిల్ నా ఒళ్లో 14 కొట్టింది. ఏడు నెలలుగా నేను సెంటీమీటరులో పదో వంతుల కోసం కొట్టుకుంటున్నది దీని పక్కన ఎంత? కాసేపు ఆ గడ్డి మీద అలాగే కూర్చుండిపోయాను.

ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేసి, చాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గోడ మీద ఒక చుక్కకి గురిపెట్టి ఉత్తి ట్రిగ్గర్ 20 సార్లు నొక్కాను. నొక్కిన క్షణంలో స్కోప్ గీత ఎటు కదిలిందో గమనించడమే పని. నాది ప్రతిసారీ కుడికి. బొటనవేలితో స్టాక్‌ని పిండుతున్నాను. ఏడు వారాల్లో అది తగ్గింది. కర్రల మీద పది తూటాలు ఆగస్టు 2న 8 సెంటీమీటర్లు. మందు, బుల్లెట్, డైలు, త్రాసు అన్నీ కలిసి తగ్గించిన దాని కంటే ఈ ఖర్చు లేని పని ఎక్కువ తగ్గించింది.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎనిమిది వేర్వేరు రోజుల్లో రేంజికి వెళ్లి, బల్ల మీద నుంచి, చల్లటి బారెల్‌తో, 200 మీటర్లలో ఒక్కటంటే ఒక్కటే తూటా కొట్టాను. కాగితం అదే, తేదీ రాసి మళ్లీ మళ్లీ వాడాను. ఎనిమిది చిల్లులూ కలిపి 6.3 సెంటీమీటర్లు. 100 మీటర్లకి గురి సరిచేసిన నా రైఫిల్‌లో 200 దగ్గర తూటా దాదాపు 14 సెంటీమీటర్లు కిందికి పడుతుందని కూడా అక్కడే సరిచూసుకున్నాను. నా దగ్గరున్న కాగితాల్లో నేను నమ్మేది ఆ ఒక్కటే.

ఖర్చు సంగతి. పనిముట్లన్నీ కలిపి రైఫిల్ ఖరీదులో ముప్పాతిక వంతు అయ్యాయి. నింపుకున్న తూటా ఒక్కోటి కంపెనీ తూటాలో సగం ఖరీదుకి పడుతుంది. నేను ఏడాదికి కాల్చేది లెక్కేస్తే పనిముట్ల డబ్బు వెనక్కి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆదా కోసమైతే దీనిలోకి రావద్దు. మొత్తం 418 తూటాలు పేల్చాను. స్క్రూలు, కాగితం, బెడ్డింగ్, ఉత్తి ట్రిగ్గర్ ముందు చేసి ఉంటే 200తో అయిపోయేది.

అక్టోబరులో సీజన్ తెరిచిన రెండో రోజు పొద్దుగూకే వేళ ఒక పంది 210 మీటర్లలో నిలబడింది. కిందటేడు అయితే కొట్టేసేవాణ్ని. కర్రల మీద 100లో 8 అంటే ఇక్కడ 17. ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసేశాను. అది పొదల్లోకి వెళ్లేదాకా స్కోప్‌లోంచి చూస్తూనే ఉన్నాను.

ఆరో రోజు, 19న, ఉదయం ఏడున్నరకి 120 మీటర్లలో ఇంకొకటి. ఈసారి సంచి మీద ఆనుకుని, మోచేతులు నేలకి పెట్టి కొట్టాను. నిలబడిన చోటే కూలింది. దగ్గరికి వెళ్లి చూస్తే తూటా నేను గురి చూసిన చోటికి రెండు వేళ్లు ముందు దిగింది. చేతులు వణుకుతుంటే తిరిగొచ్చి గడ్డిలో పడిన కేస్ వెతికి తీసుకున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. ఇంటికొచ్చాక దాన్ని "నాలుగుసార్లు పేలినవి" అని రాసిన పెట్టెలో వేశాను.